ఆనాడు కాపురం ఎక్కడ?

ఢిల్లీలో రెండు దేశాల ప్రతినిధులు ఒడంబడికపై సంతకం చేస్తే మా బోటి విలేఖరులు ఆ మరునాడు వార్త పంపి మరొక పనిలో పడతారు. ఆ కాగితం సామాన్య కుటుంబాల బ్రతుకులను ఏ దరికి చేర్చినదో విచారించే అవకాశం అరుదు. అటువంటి అవకాశం నాకు పుదుచ్చేరి పట్టణంలో కలిగింది.

పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు మన యానాం పరిపాలన 1954 నవంబరు 1న భారత ప్రభుత్వ హస్తగతమయిన సంగతి పాఠకులకు తెలిసినదే. చట్టరీత్యా బదలాయింపుకు 1956 మే 28న ఢిల్లీలో ఒడంబడిక జరిగినది. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆలస్యమయి, అది అమలులోకి వచ్చినది మాత్రం 1962 ఆగస్టు 16న. అక్కడి ప్రజల పౌరసత్వాన్ని నిర్ణయించినది ఈ చివరి తేదీయే.

ఈ పట్టణంలో ఇల్లు కట్టుకుని పరదేశంలో జీతం తీసుకోవడం పాత ఆచారం. 1881లో వచ్చిన శాసనం ప్రకారం స్వకీయ ధర్మశాస్త్రాన్ని వదలుకుని, ఫ్రెంచి చట్టాన్ని స్వీకరించిన వారిలో అనేకులు సైగాన్‌లో ఉద్యోగాలకు వెళ్ళారు. గుమాస్తాలుగా, పోలీసులుగా, సైనికులుగా కొంతకాలం పనిచేసి, సొమ్ము కూడబెట్టి, తిరిగి రావాలన్నది వారి సంకల్పం. 1954లో ఇండోచైనాలో ఫ్రెంచి ప్రాబల్యం అంతరించగా కొందరు స్వస్థలం చేరారు. మరికొందరు ఫ్రాన్సుకు తరలిపోయారు.

ఒక ఇంటిలో ఇద్దరు అన్నదమ్ములున్నారనుకుందాము. ఇద్దరూ ఫ్రెంచి జాతీయులుగా పుదుచ్చేరిలోనే పుట్టారు. అన్న కాపురం ఇక్కడ. తమ్ముని నివాసం భార్యాబిడ్డలతో సహా ఫ్రాన్సులో. ఆ ఆగస్టు 16న అన్న ఏ కాగితమూ వ్రాయకుండానే భారత పౌరుడయ్యాడు. ఫ్రెంచివానిగా ఉండదలిస్తే ఆరు మాసాలలోగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. తమ్ముడు ఏ కాగితమూ వ్రాయకుండానే ఫ్రెంచి పౌరునిగా నిలిచిపోయాడు. భారతీయుడు కాదలిస్తే అతడికీ గడువు ఆరు మాసాలే. పద్దెనిమిదేళ్ళు నిండని అవివాహిత సంతానానికి తండ్రి నిర్ణయమే వర్తించినది. సంతకం చేసినా, చేయకపోయినా, దాని ఫలితం ఒడిలోని పసివానికి కూడా సంక్రమించినది. యానాం తెలుగువారికీ ఇవే నిబంధనలు.

తిరిగి ఎప్పుడు వస్తావని ఒడంబడిక ఎవరినీ అడగలేదు. నివాసం ఎక్కడ అని మాత్రమే అడిగినది. కొద్దికాలమనుకున్న కాపురం తరతరాల జాతీయతను నిర్ణయించిన విధం ఇది.

అయితే ఈ రాకపోకలకు అలవాటుపడిన పట్టణం కనుక, కొన్ని సౌకర్యాలు ఇక్కడ నిలిచి ఉన్నాయి. 1826లో స్థాపించిన ఫ్రెంచి పాఠశాల నేటికీ ఫ్రాన్సు పాఠ్యక్రమాన్నే బోధిస్తున్నది. పుదుచ్చేరిలో చదివే బిడ్డ అక్కడి బడిలో చేరినా, అక్కడి బిడ్డ ఇక్కడికి వచ్చినా, అవే పాఠాలు, అదే భాష. కుటుంబంతో దేశం మారేవారికి పిల్లల చదువును మించిన బెంగ ఏమున్నది? ఫ్రెంచి పౌరులు ఈ ఊరి నుండే ఆ దేశపు ఎన్నికలలో ఓటు వేస్తున్నారు.

ఈ కథ మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. మూడేళ్ళకో, ఐదేళ్ళకో అని అమెరికాకు, ఆస్ట్రేలియాకు సంసారంతో వెళ్ళే తెలుగు కుటుంబాలు నేడు అసంఖ్యాకం. పచ్చళ్ళు, పుస్తకాలు, పిల్లల టీకా కాగితాలు అన్నీ జాగ్రత్తగా సర్దుకుంటారు. కోరి పరదేశ పౌరసత్వం స్వీకరిస్తే భారత పౌరసత్వం పోతుందన్న సంగతి మాత్రం తరచు ఆలస్యంగా చర్చకు వస్తుంది. ఓసీఐ కార్డు ఇక్కడ నివసించనిస్తుంది గాని, ఓటు హక్కునివ్వదు.

పుదుచ్చేరి వారికి ఆలోచించుకొనుటకు ఆరు మాసాలయినా గడువు దొరికినది. మనవారికి అటువంటి గడువును ఏ ప్రభుత్వమూ ప్రకటించదు. కనుక ప్రయాణానికి ముందే, పిల్లలకు కాస్త ఊహ తెలిసి ఉంటే వారిని కూడా కూర్చోబెట్టుకుని, ఈ ముచ్చట తేల్చుకొనడం మంచిది.