గవర్నర్ కుర్చీలో ఆదివాసి: ఆస్ట్రేలియా చెప్పే పాఠం

గవర్నర్ అనగానే తెలుగువాళ్ళకు 1984 ఆగస్టు గుర్తొస్తుంది. ఎన్నికై వచ్చిన ఎన్.టి. రామారావును గవర్నర్ రాంలాల్ దించేశాడు. నెల రోజుల పాటు జనం రోడ్లెక్కితే గాని రామారావు తిరిగి ముఖ్యమంత్రి కాలేదు. ఈ కుర్చీ మనకు బ్రిటిష్ వాళ్ళ నుంచి వచ్చిందే. మన దగ్గర గవర్నర్‌ని రాష్ట్రపతి నియమిస్తాడు. ఆస్ట్రేలియాలో మాత్రం అది ఈ రోజుకీ రాజు పేరుతోనే నడుస్తోంది. దాన్ని అణగారినవాళ్ళ వైపు నుంచి ఒకసారి చూద్దాం.

ఆస్ట్రేలియాలో 6 రాష్ట్రాలున్నాయి. ఒక్కోదానికి ఒక గవర్నర్. వీళ్ళు కేంద్రంలో ఉండే గవర్నర్ జనరల్ కింద పనిచేసేవాళ్ళు కారు, నేరుగా రాజుకే ప్రతినిధులు. 1986 దాకా రాష్ట్రాల గవర్నర్ల విషయంలో రాణికి సలహా చెప్పింది లండన్ మంత్రులు. ఆ ఏడు వచ్చిన ఆస్ట్రేలియా చట్టంతో ఆ పని రాష్ట్ర ప్రీమియర్‌కు, అంటే మన లెక్కన ముఖ్యమంత్రికి, దక్కింది. బిల్లులకు ఆమోదముద్ర వేయడం, మంత్రుల్ని నియమించడం, ఎన్నికలకు ఉత్తర్వులివ్వడం గవర్నర్ పనులు. దాదాపు అన్నీ మంత్రులు చెప్పినట్టే చేయాలి. కానీ కొన్ని అధికారాలు ఆయన చేతిలోనే దాచి ఉంచారు. వాటితోనే 1932 మే 13న న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ ఫిలిప్ గేమ్, ప్రీమియర్ జాక్ లాంగ్‌ను పదవి నుంచి తొలగించాడు.

పుస్తకాల్లో గవర్నర్ పాత్ర గురించి ఇంతవరకే చెప్తారు. ఆదివాసులను అడిగితే కథ ఇంకా వెనక నుంచి మొదలవుతుంది. 1788లో మొదటి గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ దిగింది రాజు పేరుతోనే. 1816లో గవర్నర్ మాక్వారీ పంపిన సైనికులు ఆపిన్ దగ్గర కనీసం 14 మంది ఆదివాసులను చంపారు. 1835లో జాన్ బాట్‌మన్ అనే తెల్లవాడు ఆదివాసి పెద్దలతో భూమి ఒప్పందం రాయించుకున్నాడు. గవర్నర్ బర్క్ అది చెల్లదని ప్రకటించాడు. ఆ నేలంతా రాజుదేనట, తరతరాలుగా అక్కడ బతికినవాళ్ళకు దాని మీద హక్కే లేదట! ఈ వాదాన్ని 1992లో మాబో తీర్పు దాకా ఎవరూ కొట్టెయ్యలేదు.

అలాంటి కుర్చీలో 1976 డిసెంబర్‌లో ఒక ఆదివాసి కూర్చున్నాడు. ఆయన డగ్లస్ నికోల్స్, యోర్టా యోర్టా మనిషి. 1906లో కమ్మరగుంజ అనే మిషన్‌లో పుట్టాడు. ఫుట్‌బాల్ ఆటగాడు, తర్వాత పాస్టర్. కుర్రతనంలో ఒక క్లబ్బులో, నల్లవాడన్న కారణంగా ఆయన ఒళ్ళు మర్దన చేయడానికి కూడా ఒప్పుకోలేదు. అంటరానితనం ఎరిగిన మనకు ఆ అవమానం గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రీమియర్ డాన్ డన్‌స్టన్ సిఫారసుతో ఆయన దక్షిణ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు. జబ్బు చేయడంతో 1977 ఏప్రిల్ చివర్లో దిగిపోయాడు. ఉన్నది అయిదు నెలలే.

మరి భూమి ఎప్పుడొచ్చింది? 1980లో పిత్‌జంత్‌జత్‌జార జనం అడిలైడ్‌కు తరలివచ్చి మకాం వేశారు. 1981లో శాసనసభ చట్టం చేసింది, లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా నేల వాళ్ళ చేతికొచ్చింది. అప్పుడు గవర్నర్ కుర్చీలో ఉన్నది తెల్లవాడే. నికోల్స్ ఇంకా కొన్నేళ్ళు ఉండుంటే ఆ కాగితం మీద ఆయన సంతకమే పడేది. అయినా ఆ కాగితాన్ని రాయించింది గవర్నర్ బంగళా కాదు, మకాం వేసిన జనం.

అలాగని కుర్చీ వద్దని మేం అనడం లేదు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటివాళ్ళకు తెలుసు, మనవాడు ఆ బంగళా మెట్లెక్కితే వాడలో పిల్లలు తలెత్తుకుంటారని. ఆ గౌరవం చిన్నదేం కాదు. కానీ దళితుల్లో ఎవరికైనా పెద్ద పదవి వచ్చినప్పుడు, ఆ కుర్చీలో సొంతంగా చేయగలిగింది ఎంత, మంత్రులు రాసిచ్చిన దాని మీద సంతకం పెట్టాల్సింది ఎంత అని లెక్క చూసుకోవాలి. సంతకం పెట్టే చేయి మనదైతే సంతోషమే. ఆ కాగితం మీద ఏం రాయాలో తేల్చే చోట మనం లేకపోతే మాత్రం భూమి ఎవరిదో వాళ్ళదగ్గరే ఉంటుంది.