మూర్ఛమందు – నడుమునొప్పి

బొల్లారమనగానే పలువురకు సికింద్రాబాదు చెంత రాష్ట్రపతి నిలయముగల బొల్లారము స్ఫురించును. నేను చెప్పబోవునది అది కాదు. పటాన్‌చెరువు చేరువను, మందుల కర్మాగారములతో నిండియున్న సంగారెడ్డి జిల్లా బొల్లారము. అచ్చట నొక కర్మాగారపు పరీక్షాశాలలో కొన్నియేండ్లు పనిచేసితిని. తెల్లని పొడులను తూచి, వాని శుద్ధిని పరీక్షించుట నా పని. ఆ పొడులు పీపాలలో దేశాంతరములకు పోయిన పిదప ఎవరి కడుపున పడునో నే నెన్నడును ఆలోచింపలేదు.

ఆ యాలోచన మా పెద్దనాయనగారి మూలమున కలిగినది. నడుమునొప్పికని వారి కొక వైద్యుడు గాబాపెంటిన్ అను మందు వ్రాసియిచ్చెను. మందుల దుకాణపు కుఱ్ఱవాడు చీటి చూచి, "తాతా, ఇది ఫిట్స్ మందు గదా!" అనెను. ప్రొద్దు గ్రుంకునంతలో ఆ మాట ఊరెల్ల ప్రాకినది. ఇంట మనుమరాలి పెండ్లిమాటలు జరుగుచుండెను. ఆ వంశమున మూర్ఛ యున్నదా యని పెండ్లికుమారునివారు కబురంపిరి. పెద్దనాయనగారు కోపించి, మూడు నెలలుగా మింగుచున్న మందును ఒక్కపూటలో మానివేసి, "మందుల ఫ్యాక్టరీలో పనిచేసితివి గదరా, నాకు మూర్ఛ ఎప్పుడు వచ్చినదో నీవైన చెప్పు" మని నన్నడిగిరి.

వారికి చెప్పినదే మీకును చెప్పెదను. మెదడులో ఉద్రేకమును శాంతింపజేయు 'గాబా' యను రసాయన మొకటి కలదు. దానిని పోలునట్లు కల్పింపబడినది గాబాపెంటిన్. చిత్రమేమన, అది గాబావలె పనిచేయదనియు, నరముల కొసలయందు కాల్షియము చొచ్చు ద్వారములను పట్టి ఉద్రేకపు వార్తలను తగ్గించుననియు తరువాత తేలినది. మూర్ఛయందు మెదడు చేయు అల్లరియు, దెబ్బతిన్న నరము చేయు మంటయు అట్టి వార్తలే. అందుచేత అమెరికాలో 1993లో మూర్ఛకు అనుమతి పొందిన యీ మందు, 2002లో సర్పి మానిన పిదప నిలుచు మంటకును అనుమతి పొందినది. ఈ పొడిని లోకమునకు విరివిగా అందించువారిలో చౌటుప్పలు కడ కర్మాగారముగల మన దివీస్ సంస్థ యొకటి.

అనుమతిలో పేర్కొనని రోగమునకు వైద్యుడు ఆలోచించి మందు వాడుట తప్పుకాదు. వ్యాపారి అట్టి వాడుకను పురికొల్పుట వేరు. ఈ మందునే అట్లు ప్రచారము చేసినందుకు 2004లో అమెరికాలో వార్నర్-లాంబర్ట్ సంస్థ నేరమంగీకరించి, 43 కోట్ల డాలర్లు చెల్లించుట కొప్పుకొనెను. వట్టి నడుమునొప్పికి దీనివలని మేలు స్వల్పమనియు, మైకము హెచ్చనియు పరీక్షలు చూపినవి. మా పెద్దనాయనగారిది అట్టి నొప్పియే.

అప్పుడు నాకు కొన్ని సంగతులు జ్ఞప్తికి వచ్చినవి. ఆ మూడు నెలలలో వారు రాత్రివేళ దొడ్డిలోనికి పోవుచు రెండుమారులు తూలిపడిరి. పాదములు వాచినవి. పట్టపగలు కునికిపాట్లు. ముసలితనమని అందరమును ఊరకుంటిమి! ఈ మందు శరీరమున మారక మూత్రపిండముల ద్వారముననే వెడలిపోవును. అవి నెమ్మదించిన వృద్ధులలో అది నిలిచిపోవును. కనుక వారికి మోతాదు తగ్గింపవలెను. నిద్రమాత్రలతోను, ట్రామడాల్ వంటి నొప్పిమాత్రలతోను, కల్లుతోను గలిసినచో శ్వాసయే మందగింపవచ్చునని 2019లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించినది. పెద్దనాయనగారికి సాయంకాలపు కల్లు అలవాటు. వైద్యుడు అడుగలేదు, వీరు చెప్పలేదు.

హఠాత్తుగా మానుటయు ప్రమాదమే. మూర్ఛరోగికి మూర్ఛలు తిరుగబడును. ఇతరులకు చెమటలు, ఆందోళన, నిద్రలేమి కలుగును. పెద్దనాయనగారు రెండు రాత్రులు కన్ను మూయలేదు. మరల వైద్యునికడకు గొనిపోతిమి. ఆయన రక్తము పరీక్షింపజేసి, మూత్రపిండములు కొంత బలహీనపడినవని కనుగొని, మోతాదును మెల్లమెల్లగా తగ్గించి మాన్పించెను.

పెండ్లికుమారునివారికడకు నేనే పోయి విషయమంతయు విప్పిచెప్పితిని. వారిలో నొక పెద్ద, "మూర్ఛయే యున్నచో?" అనెను. మూర్ఛ యనేకులకు మందుతో లొంగుననియు, హిందూ వివాహచట్టమున దానిని అడ్డంకిగా చెప్పిన మాటను 1999లోనే తొలగించిరనియు చెప్పితిని. ఆయన కొంతసేపు మీసము దువ్వుకొని, తానును పాదముల మంటకు ఇట్టి మందునే మింగుచున్నాననుచు తన మాత్రల పొట్లమును నా ముందర పెట్టెను.

మాఘమాసమున పెండ్లి జరిగినది. పెద్దనాయనగారి నడుమునొప్పి పూర్తిగ పోలేదు. వేడినీటి కాపడముతోను, ప్రొద్దుటి నడకతోను నెట్టుకొని వచ్చుచున్నారు.