బెజ్జం పడేది ఇటు... చెక్క చిట్లేది అటు!

కొత్త ఇల్లు. వేలకు వేలు పోసి చేయించిన టేకు తలుపు. వడ్రంగి రెండు రోజులు చిత్రిక పట్టి, సాండ్‌పేపర్‌తో రుద్ది అద్దంలా తయారుచేశాడు. ఇక మిగిలింది తాళం బిగించడమే. డ్రిల్లింగ్ మిషన్ ఆనించి నొక్కితే గుయ్‌మంటూ అర నిమిషంలో బెజ్జం పడింది. ఇటువైపు చూస్తే రూపాయి బిళ్లంత గుండ్రంగా ఉంది. అటువైపు వెళ్లి చూస్తేనే ఇంటాయన గుండె జారింది. బెజ్జం చుట్టూ పెచ్చులు లేచిపోయి, ఎలుక కొరికినట్టుంది!

ఇలాంటప్పుడు కొందరు చెక్క నాసిరకమని వడ్రంగి మీద విరుచుకుపడతారు. వడ్రంగేమో మిషన్‌ని తిడతాడు. చాలాసార్లు ఆ రెండిట్లో దేని తప్పూ ఉండదు. చెక్క లోపలి అమరికే అంత.

పైకి దిమ్మలా కనిపించినా చెక్కంటే సన్నటి గొట్టాల్లాంటి పోగుల కట్ట. చెట్టు బతికున్నప్పుడు వేళ్ల నుంచి నీళ్లు మోసుకెళ్లిన దారులు కూడా వాటిలోనివే. అవన్నీ నిలువునా ఒకదాన్నొకటి ఒరుసుకుని, లిగ్నిన్ అనే పదార్థంతో అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు విడదీయడం తేలిక, పోగుని అడ్డంగా తెంచడం కష్టం. కట్టెలు కొట్టేవాళ్లు గొడ్డలిని నిలువునా వేసేది అందుకే.

డ్రిల్ బిట్ లోపలికి దిగుతున్నంతసేపూ దాని ముందున్న పోగులకు కింది పొరల ఆసరా ఉంటుంది. పక్కకు జరగడానికి చోటులేక అవి తెగుతాయి. ఆఖరి ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గరికొచ్చేసరికి కింద ఏమీ ఉండదు. అప్పుడు బిట్ వాటిని కొయ్యదు, బయటికి తోసేస్తుంది. తోసుకొచ్చిన పోగు ఒక్కటే పోతుందా... పక్కనున్నవాటినీ లేపుకుని మరీ పోతుంది. గాల్లో వేలాడే దారాన్ని కత్తితో కొయ్యబోతే కత్తితోపాటే జరిగిపోతుంది. అదే దారాన్ని బల్లమీద ఆనిస్తే తెగుతుంది. ఇదీ అంతే.

కాబట్టి మందు కూడా బల్లే! బెజ్జం బయటపడే చోట ఓ పనికిరాని చెక్కముక్కని గట్టిగా అదిమి, క్లాంపుతో బిగించాలి. ఊరికే చేత్తో పట్టుకుంటే లాభంలేదు. మధ్యలో కాగితమంత సందున్నా పోగులు ఆ సందులోకి లేస్తాయి. బిట్ తలుపు దాటి ఆ ముక్కలోకి కాస్త దిగేదాకా ఆగకూడదు. పాత బెజ్జాలున్న ముక్కని మళ్లీ వాడితే బిట్ సరిగ్గా ఆ గుంటమీదికే రావచ్చు. ఇంకేముంది, కథ మొదటికొస్తుంది!

తలుపు అప్పటికే గుమ్మానికి బిగించేసి ఉంటే వెనక చెక్క పెట్టడం ఇబ్బందే. దానికీ ఉపాయముంది. బిట్ మొన సూదిమొనంత బయటికి రాగానే ఆపేసి, అటువైపు నుంచి ఆ గుర్తుమీదే మళ్లీ మొదలుపెట్టాలి. రెండు బెజ్జాలూ మధ్యలో కలుస్తాయి. చిట్లడమంటూ ఉంటే ఎవరికీ కనిపించని లోపలే. తాళం కోసం పెద్ద బెజ్జం పెట్టే 'హోల్ సా'తోనూ పద్ధతి ఇదే.

బిట్‌లోనూ ఉంది మర్మం

చాలా ఇళ్లలో ఇనుముకి వాడే మామూలు బిట్‌నే చెక్కకీ వాడేస్తుంటారు. దాని మొన మొద్దు. మొదట్లో అటూ ఇటూ జారుతుంది, పోగుల్ని తెంచేముందు లాగుతుంది. చెక్క కోసమే చేసిన 'బ్రాడ్ పాయింట్' బిట్‌కి మధ్యలో సన్నటి ముల్లు, అంచుల్లో రెండు కొమ్ములుంటాయి. ముల్లు చోటు పట్టుకుంటే, కొమ్ములు ముందుగా చుట్టూ పోగుల్ని కోసి గిరిగీస్తాయి. లోపలి చెక్క ఆ తర్వాతే లేస్తుంది. కప్‌బోర్డు కీలు కూర్చునే 35 మిల్లీమీటర్ల గుంటకి వాడేది 'ఫోర్‌స్ట్‌నర్' బిట్. తుపాకులు చేసే అమెరికన్ బెంజమిన్ ఫోర్‌స్ట్‌నర్ 1874లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. దాని అంచే గుండ్రటి కత్తి. అడుగు చదునుగా వస్తుంది.

ఎంత మంచి బిట్టయినా మొద్దుబారితే దండగ. టేకుతో ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. ఇసుకలో ఉండే సిలికా టేకు చెక్కలోనూ ఉంటుంది. అందుకే పనిముట్ల పదును త్వరగా పోతుంది. పదును తగ్గిందని మరింత బలంగా నొక్కితే చివర్లో ధబాలున అవతలికి దూసుకుపోతుంది. వేగంగా తిప్పాలి, నెమ్మదిగా దించాలి, చివర్లో చెయ్యి తేలిక చెయ్యాలి. కళ్లద్దాలు తప్పనిసరి. చేతికి గుడ్డ తొడుగు మాత్రం వద్దు, తిరిగే బిట్ దాన్ని చుట్టేసుకుంటుంది.

ప్లైవుడ్ పైపొర చాలా పలచన. అది తేలిగ్గా లేస్తుంది. గీసిన చోట ముందు టేపు అంటించడం కొంత సాయం చేస్తుందిగానీ, వెనక చెక్కకి అది బదులు కాదు.

నిప్పుతో బెజ్జం

కరెంటు మిషన్ రాకముందు వడ్రంగి చేతిలో బరమా ఉండేది. కదురుకి తాడు చుట్టి, విల్లుని ముందుకీ వెనక్కీ లాగుతుంటే అది తిరిగేది. ఈ విద్య వయసు తెలిస్తే ఆశ్చర్యమే. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500 నుంచి 9,000 ఏళ్ల కిందటి మనుషుల పళ్లకు చెకుముకి రాతి మొనతో చేసిన బెజ్జాలున్నాయని 2006లో 'నేచర్' పత్రికలో వచ్చింది. చెక్క సంగతి సరే, పన్నుకి పెట్టించుకున్నవాళ్ల ఓపికకి దండం పెట్టాలి!

వెదురుది ఇంకో తీరు. దాని పోగులన్నీ నిలువునే నడుస్తాయి, అడ్డంగా కట్టిపడేసేవి ఉండవు. కాస్త బలం ఎక్కువైతే కణుపు నుంచి కణుపుదాకా చీలిపోతుంది. అందుకే వేణువులు చేసేవాళ్లు ఎర్రగా కాల్చిన ఇనప చువ్వతో బెజ్జాలు పెడతారు. నిప్పు పోగుని లాగదు, ఉన్నచోటే కాల్చేస్తుంది.

మరి ఇన్ని జాగ్రత్తలు తెలియక తలుపు చిట్లిపోయిందనుకోండి... ఊడిన పెచ్చుని పారేయకూడదు. వెంటనే ఫెవికాల్ రాసి, అదే చోట అదే వరసలో కూర్చి, రాత్రంతా బిగించి ఉంచితే అతుకు సన్నటి గీతలా మిగులుతుంది. పెచ్చు పోగొట్టుకుని రంపపు పొట్టూ జిగురూ కలిపి పూడిస్తే మాత్రం పాలిష్ పట్టాక ఆ మచ్చ చుట్టుపక్కల రంగుతో కలవదు. జిగురున్న చోట చెక్క రంగు తాగదు మరి.