ఆటలలో లెక్కలు

బిడ్డలు లెక్కలనిన భయపడుటకు బుద్ధిమాంద్యము గాక, కంటికిఁ గనఁబడని యంకెలను వల్లింపఁజేయుటయే తఱచుగాఁ గారణము. వామనగుంటల పీటను దీయుఁడు. వరుసకు 7 చొప్పున రెండు వరుసలలో 14 గుంటలుండును. గుంటకు 5 చింతపిక్కల చొప్పున బిడ్డచేతనే నింపించి, మొత్తమెంతయని యడుగుఁడు. మొదట నొక్కొక్కటిగా నెంచి 70 అని చెప్పును. నాలుగు దినములకు ఐదేసిగా నెంచును. పిమ్మట 14 ఐదులు 70 అని తానే గ్రహించును. ఎక్కమనఁగా త్వరగాఁ జేసిన కూడికయే యని యప్పుడు బోధపడును.

ఏ గుంటనుండి తీసినచో నెచ్చటఁ బిక్కలు ముగియునో ముందుగాఁ జెప్పుమనుఁడు, నోటిలెక్క యలవడును. తప్పినచో గద్దింపక, పిక్కలు పంచి చూడనిండు.

“నీకు లెక్కలు రావు” అను మాట నమ్మిన యాడుపిల్ల, పెద్దదై తన సొమ్ము లెక్కను సైతము పరులకప్పగింపవచ్చును. ఆ మాట మన యింట వినఁబడకుండుఁ గాక!