ఏటవాలు గుంటలు: సి.ఎన్.సి. రౌటరుతో వామనగుంటల పీట

రౌటరు అనగానే మన పాఠకుల్లో చాలామందికి ఇంట్లో ఓ మూల మిణుకుమిణుకుమంటూ ఇంటర్నెట్ పంచిపెట్టే పెట్టె గుర్తుకొస్తుంది. ఈ వ్యాసంలో రౌటరు అది కాదు. ఇది వడ్రంగి పనిముట్టు. నిమిషానికి పది, ఇరవై వేల చుట్లు తిరిగే మోటారుకి చిన్న కత్తి బిగించి చెక్కను తొలుస్తారు. ఆ మోటారుని చేత్తో పట్టుకోకుండా, మూడు దిశల్లో కదిలే చట్రానికి బిగించి, కదలికలన్నీ కంప్యూటరుకి అప్పజెబితే అదే సి.ఎన్.సి. రౌటరు.

సి.ఎన్.సి. అంటే కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్. అంకెలతో యంత్రాన్ని నడపాలన్న ఆలోచన జాన్ పార్సన్స్ అనే అమెరికన్‌ది. 1952లో ఎం.ఐ.టి. వారి సర్వోమెకానిజమ్స్ లాబొరేటరీ అలా నడిచే మిల్లింగు యంత్రాన్ని ప్రదర్శించింది. అప్పుడు అంకెలు చిల్లులు పొడిచిన టేపు మీద ఉండేవి. ఇప్పుడు జీ-కోడ్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. అమెరికాలో చాలా ఊళ్ళలో సభ్యత్వం కట్టి వాడుకునే మేకర్‌స్పేసులున్నాయి. వాటిలో ఈ యంత్రం తరచు కనిపిస్తుంది.

ఈ యంత్రంతో మనవాళ్ళు చేసుకోదగ్గ వస్తువేమిటి? నా ఓటు వామనగుంటల పీటకి. రెండు వరుసలు, వరుసకి ఏడు, మొత్తం పద్నాలుగు గుంటలు. చూడ్డానికి ఇంతకన్నా తేలిక పని లేదనిపిస్తుంది. కాని ఇందులో ఒక చిక్కుంది, అది గుంట గోడల దగ్గర ఉంది.

నిలువు గోడ ఎందుకు పనికిరాదు?

సాఫ్ట్‌వేర్లో ఒక వృత్తం గీసి "పాకెట్" అని అడిగితే వచ్చేది నిట్టనిలువు గోడలున్న గుంట, డబ్బా మూతలాగా. అందులో చింతపిక్కలు వేసి ఆడి చూడండి. గోడా అడుగూ కలిసే మూలలో పిక్కలు చేరతాయి, వేలు అక్కడికి చేరదు. ఈ ఆటలో గుంటలోని పిక్కలన్నీ ఒక్క ఊపులో తీసి పంచుకుంటూ పోవాలి. ఒక్కొక్కటీ గోటితో గీరి తీయాల్సొస్తే ఆట సాగదు. గోడ ఏటవాలుగా ఉండి, అడుగు మూల గుండ్రంగా ఉంటే వేళ్ళు జారుకుంటూ దిగి, పిక్కల్ని ఊడ్చుకుంటూ పైకొస్తాయి.

రెండో కారణం బలం. గుంటకీ గుంటకీ మధ్య మిగిలేది సన్నటి గట్టు. గోడలు ఏటవాలుగా ఉంటే ఆ గట్టు కిందకి పోయేకొద్దీ లావవుతుంది.

కొలతలు

లెక్క కోసం ఒక పీట అనుకుందాం. గుంట నోరు 60 మి.మీ. వ్యాసం, లోతు 15 మి.మీ., గట్లు 10 మి.మీ. అప్పుడు పొడవు 7 × 60 + 8 × 10 = 500 మి.మీ. వెడల్పు 2 × 60 + 3 × 10 = 150 మి.మీ. చెక్క మందం 25 మి.మీ. ఉంటే అడుగున 10 మి.మీ. మిగులుతుంది.

గోడ వాలు నిలువు గీత నుంచి 20 డిగ్రీలు అనుకుందాం. గోడ ఎంత లోపలికి జరుగుతుందో తెలియాలంటే లోతుని ఆ కోణపు టాంజెంట్‌తో గుణించాలి. 20 డిగ్రీలకి అది 0.364. కాబట్టి 15 × 0.364 = 5.46 మి.మీ. ఒక్కో వైపు అంత తగ్గితే అడుగు వ్యాసం సుమారు 49 మి.మీ. అవుతుంది. పైన 10 మి.మీ. ఉన్న గట్టు అడుగున దాదాపు 21 మి.మీ. అవుతుంది. ఇంటర్మీడియట్లో చదివిన త్రికోణమితి ఇక్కడ అక్కరకొచ్చింది!

కోసే పద్ధతులు మూడు

మొదటిది, ఏటవాలు కత్తి. కత్తి ఆకారమే శంకువులా ఉంటుంది కనుక అంచు వెంట తిప్పితే చాలు, గోడ నున్నగా వస్తుంది. అయితే కత్తికి ఏ కోణం ఉంటే గోడకి అదే కోణం. పైగా కత్తి పదును 15 మి.మీ. కన్నా పొడవుండాలి. కొనేటప్పుడు ఒక సంగతి గమనించండి. వీ ఆకారపు కత్తుల మీద రాసే డిగ్రీలు రెండు వైపులా కలిపి. 60 డిగ్రీల కత్తితో వచ్చే గోడ వాలు 30 డిగ్రీలే. టేపర్డ్ ఎండ్ మిల్లు అని అమ్మే వాటి మీద సాధారణంగా ఒక వైపు కోణం రాస్తారు.

రెండోది, అడుగు చదునుగా ఉన్న మామూలు కత్తితో మెట్లు మెట్లుగా దిగడం. 6 మి.మీ. వ్యాసం కత్తి అయితే దాని మధ్యబిందువు తిరగాల్సిన వృత్తపు వ్యాసార్ధం = 30 − లోతు × 0.364 − 3. పైన ఇది 27, అడుగున 21.54. ప్రోగ్రాం రాసే అలవాటున్నవాళ్ళకి ఇది నాలుగు లైన్ల లూపు. కాని గోడ మీద మెట్లు మిగులుతాయి. మెట్టుకి అర మిల్లీమీటరు లోతు చొప్పున దిగితే ఎత్తుపల్లాలు 0.17 మి.మీ. ఉంటాయి. వేలికి గరగరా తగులుతాయి.

మూడోది, కొన గుండ్రంగా ఉన్న బాల్‌నోస్ కత్తి. అదే 6 మి.మీ. వ్యాసం, అదే అర మిల్లీమీటరు దిగుడు. కాని ఈసారి మిగిలే గట్టు ఎత్తు సుమారు 0.012 మి.మీ. మాత్రమే, అంటే పద్నాలుగో వంతు. (వాలు వెంట రెండు కోతల మధ్య దూరాన్ని వర్గం చేసి, కత్తి వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే ఈ ఎత్తు వస్తుంది.) పైగా అడుగు మూలలో 3 మి.మీ. వంపు దానంతటదే వస్తుంది. మనకి కావలసిందీ అదే.

ఒక్క జాగ్రత్త. బాల్‌నోస్ కత్తి గోడని తాకేది కొనతో కాదు, పక్క వంపుతో. చదును కత్తికి రాసిన సూత్రాన్ని దీనికి వాడితే ఒక్కో వైపు 0.9 మి.మీ. చెక్క కోతపడకుండా మిగిలిపోతుంది. సి.ఎ.ఎం. సాఫ్ట్‌వేరు ఈ సవరణ తనే చేస్తుంది. సొంతంగా కోడు రాసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

నేను సిఫారసు చేసేది జోడు పద్ధతి: చదును కత్తితో తొలి కోత, గోడకి అర మిల్లీమీటరు వదిలిపెట్టి, బాల్‌నోస్‌తో తుది కోత.

నలుచదరం గుంటలైతే

కొందరు గుంటలు చదరంగా చేసుకుంటారు. అప్పుడు మూలల సంగతి చూసుకోవాలి. పైన మూల వంపు వ్యాసార్ధం 4 మి.మీ. ఇచ్చి గోడల్ని సమానంగా లోపలికి జరుపుకుంటూ పోతే, అడుగుకొచ్చేసరికి 5.46 మి.మీ. జరగాలి. వంపు అంతకుముందే సున్నా అయిపోతుంది. కత్తి ఆ మూలలోకి దూరదు. పైన వంపు కనీసం కత్తి వ్యాసార్ధం, జరుగుడు కలిపినంత ఉండాలి: 3 + 5.46, అంటే 8.5 మి.మీ. అనుకోండి. లేదా డిజైన్లో ముందు గోడలు వాల్చి, ఆ తర్వాత మూలలకి వంపు ఇవ్వండి. అప్పుడు వంపు పైనుంచి కింద దాకా ఒకే కొలతలో ఉంటుంది.

యంత్రం దగ్గర

నిలువు గోడ గుంటలో ఎత్తు సున్నా ఎక్కడో సరిగా పెట్టకపోతే లోతొక్కటే మారుతుంది. ఏటవాలు గుంటలో నోరు కూడా మారుతుంది. అర మిల్లీమీటరు తేడాకి వ్యాసంలో 0.36 మి.మీ. తేడా. పీట ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా ఉంటే పద్నాలుగు గుంటలూ పద్నాలుగు సైజుల్లో వస్తాయి. అందుకని ముందు చెక్కని చిత్రిక పట్టి, సున్నాని పై ముఖం నుంచి కొలవండి.

వేగం లెక్క: చుట్లు × కత్తి పళ్ళు × ఒక్కో పన్ను కొరికే మందం. 18,000 × 2 × 0.05 = నిమిషానికి 1,800 మి.మీ. మరీ నెమ్మదిగా పోతే కత్తి కోయడం మాని రుద్దుతుంది, చెక్క మాడి నల్లబడుతుంది. రాలేది పిండిలా కాక పొట్టులా ఉండాలి. కత్తిని అవసరమైనంత పొడుగే బయటకి పెట్టండి. బయటి పొడుగు రెట్టింపైతే వంగుడు ఎనిమిది రెట్లవుతుంది.

గుండ్రటి గుంటలో కత్తి ఒక చుట్టులో చెక్క నార వెంటా, నారకి అడ్డంగా, ఎదురుగా కూడా పోతుంది. ఎదురుపోయే చోట పీచు లేస్తుంది. తుది కోత పల్చగా ఉంటే ఇది చాలావరకు తగ్గుతుంది. మిగిలింది గరుకు కాగితం పని. చెవులకి రక్షణ, కళ్ళద్దాలు, దుమ్ము పీల్చే గొట్టం తప్పనిసరి.

ఈ లెక్కే అచ్చులకీ వర్తిస్తుంది. సబ్బు గాని, సిమెంటు పలక గాని అచ్చులోంచి ఊడి రావాలంటే గోడ వాలాలి. వాలు మరీ తక్కువైతే ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసుల్లాగా పట్టేస్తుంది. లేతు యంత్రాల్లో వాడే మోర్స్ టేపరు ఒక్కో వైపు సుమారు ఒకటిన్నర డిగ్రీల వాలుతో ఈ పట్టునే ఉపయోగించుకుంటుంది.

మంచి చెక్క బిగించే ముందు పనికిరాని ముక్క మీద ఒకే ఒక్క గుంట కోయండి. పిడికెడు చింతపిక్కలు పోసి, ఇంట్లో ఆట తెలిసిన పెద్దవాళ్ళెవరి చేతైనా తీయించి చూడండి. వాళ్ళ వేళ్ళు తడుముకుంటే వాలు ఇంకో ఐదు డిగ్రీలు పెంచండి. ఆ మార్పుకి కంప్యూటర్లో పట్టేది ఒక్క నిమిషం.