ఓటు మట్టిదా? మనిషిదా? ఓల్డ్ శారమ్ చెప్పే చరిత్ర

ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ పట్నం పక్కన ఓ మట్టిదిబ్బ ఉంది. పేరు ఓల్డ్ శారమ్. 1220లో అక్కడి పెద్ద చర్చిని కింది మైదానంలోకి మార్చారు. జనమూ దాని వెంటే దిగిపోయారు. ఊరు ఖాళీ అయింది కానీ దాని పార్లమెంటు సీట్లు మాత్రం పోలేదు. 1832లో రద్దయ్యే దాకా ఆ దిబ్బ తరఫున ఇద్దరు సభ్యులు సభలో కూర్చున్నారు. 1831లో అక్కడ ఓటర్లు 11 మంది. వాళ్లలో ఒక్కరి కాపురమూ అక్కడ లేదు. అదే కాలంలో వేలాది మిల్లు కార్మికులున్న మాంచెస్టర్‌కు సొంత ప్రతినిధి లేడు.

ఇదెలా సాధ్యమైంది? ఓటు మనిషికి కాదు, కొన్ని స్థలాలకు ఉండేది. ఆ స్థలాలు కొన్నవాడిదే సీటు. ఎన్నికలొస్తే తన నమ్మకస్తుల పేర వాటిని రాసి, వాళ్లతో ఓటేయించుకునేవాడు.

1691 ప్రాంతంలో ఆ దిబ్బను కొన్నది థామస్ పిట్. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. అక్కడ ఉండగా 1702లో గోల్కొండ గనుల్లో దొరికిన పెద్ద వజ్రాన్ని 48 వేల వరహాలకు కొన్నాడు. 1717లో దాన్ని ఫ్రాన్స్ పాలకుడికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. అది కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిదని చాలామంది రాశారు. ఆ గనిలో ఆడా మగా పిల్లలతో కలిపి 60 వేల మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే లెక్క చెప్పాడు. వజ్రాల పేర్లు చరిత్రకెక్కాయి, తవ్వినవాళ్ల పేర్లు ఎక్కలేదు. పిట్ మనవడు విలియం పిట్ 1735లో ఓల్డ్ శారమ్ నుంచే పార్లమెంటుకు వెళ్లి, తర్వాత ప్రధాని అయ్యాడు.

1832 సంస్కరణ చట్టం ఓల్డ్ శారమ్‌తో పాటు ఇలాంటి 56 నియోజకవర్గాలను తుడిచేసింది. కానీ ఆస్తి షరతు పోలేదు. పల్లె కూలీల్లో ఎక్కువమందికి ఓటు 1884లో గానీ రాలేదు. రహస్య బ్యాలెట్ వచ్చింది కూడా 1872లోనే. అంతకుముందు ఎవరికి ఓటేశావో భూస్వామి ముందే చెప్పాలి.

అదే ఆస్తి కొలతను బ్రిటిష్‌వాళ్లు మన దేశానికీ తెచ్చారు. 1919, 1935 చట్టాల్లో ఓటు దక్కాలంటే ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. ఆ మూడింటికీ దూరంగా నెట్టబడిన అంటరాని కులాలు ఓటుకూ దూరమయ్యాయి. అందుకే అంబేడ్కర్ 1928లో సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు అడిగారు. రాజ్యాంగంలోని 326వ అధికరణం ఆ హక్కును ఖాయం చేసింది.

ఇవాళ ఓటు మనిషిదే. కానీ మా ఊళ్లో పోలింగు రోజు వాడకు ఆటో పంపేది ఎవరో, మర్నాడు కూలి పని ఇచ్చేదీ వాళ్లే. కాగితం మీద ఓల్డ్ శారమ్ 1832లోనే పోయింది. భూమిలేని మనిషి తన ఓటును భయం లేకుండా వేయగలిగిన రోజున మన ఊళ్లలోనూ పోతుంది.