అప్పుల వేళ ఇంటి బదిలీ

అప్పులు ముంచుకొనివచ్చినపుడు ఇంటిని భార్య పేరనో, బావమరిది పేరనో వ్రాసివేసినచో ఋణదాతలు దానిని తాకజాలరని పలువురు నమ్ముదురు. ఈ నమ్మకము ప్రమాదకరమైనది.

ఋణదాతలకు బాకీ అందకుండ చేయుటకుగాని, జాప్యము కలిగించుటకుగాని జరిపిన బదిలీని వారు కోరినచో రద్దుచేయవచ్చునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము, 53వ సెక్షను చెప్పుచున్నది. దస్తావేజు రిజిస్టరయినంతమాత్రమున ఈ దోషము పోదు. మనసులోని ఉద్దేశమును న్యాయస్థానము కొన్ని గుర్తులనుబట్టి నిర్ణయించును: దావా పడబోవు తరుణమున వ్రాత జరుగుట, సొమ్ము చేతులు మారకుండుట, ఉన్న ఆస్తియంతయు ఒక్కమారే బంధువులకు పోవుట, వ్రాసియిచ్చినవాడే యజమానివలె ఆ ఇంట నివసించుట. అయితే ఈ మోసము నెరుగక, వెలయిచ్చి సద్బుద్ధితో కొన్నవాని హక్కునకు భంగము లేదు.

అంతకుమించిన చిక్కు ఇంటిలోనే గలదు. సక్రమముగ రిజిస్టరయి, స్వీకరింపబడిన దానమును దాత తన ఇష్టము వచ్చినపుడు మరలించుకొనజాలడు. అప్పుల గొడవ సద్దుమణిగిన పిమ్మట బావమరిది ఇల్లు తిరిగి ఈయనన్నచో గతియేమి? ‘ఋణదాతలను వంచించుటకే వ్రాసితిని’ అని చెప్పుకొనువానికి, ఆ వంచన నెరవేరియున్నచో, న్యాయస్థానము తోడ్పడదు. ఇల్లును పోవును, బంధుత్వమును చెడును.

ధర్మమార్గము లేకపోలేదు. వ్యవసాయదారుడుగాని, కూలివాడుగాని కాపురముండు సొంత ఇంటిని సామాన్యముగ డిక్రీ బాకీకై జప్తు చేయరాదని 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు, 60వ సెక్షను చెప్పుచున్నది. ఇల్లు తాకట్టులో నున్నచో ఈ రక్షణ అక్కరకు రాదు. తక్కినవారు దావా పడకముందే ఋణదాతలతో మాటాడి వాయిదాలు కుదుర్చుకొనుట మేలు. అదియు సాధ్యము కానిచో, ఇంటిని తగిన వెలకు బహిరంగముగ అమ్మి బాకీలు తీర్చినవానికి మిగిలినది కొంచెమైనను, అది నిశ్చయముగ అతనిదే.